పేరు తెలియని ఇళ్లలో ప్రాణదాత: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కొందరు మహానుభావులకు ఊరూరా విగ్రహాలుంటాయి. కొందరి పేర్లు వీధులకీ, పార్కులకీ పెడతారు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి వేరు. మన ఊళ్లలో గర్భిణీలకు పంచే మాత్రలో ఐరన్‌తో పాటు కలిపే ఫోలిక్ ఆసిడ్ వెనక ఆయన శ్రమ ఉంది. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర ఆయన నడిపిన ప్రయోగశాలలో పుట్టింది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోతున్న పెద్దవాళ్లు వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్, బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పసివాడికి ఇచ్చే మెథోట్రెక్సేట్, రెండూ ఒకటే. అదీ ఆయన బృందం చేసిన పని ఫలితమే. ఇన్ని ఇళ్లలోకి వెళ్లిన మనిషి పేరు ఆ ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఈ వ్యాసం వ్రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, మేము క్లాసులో చదువుకునే బయోకెమిస్ట్రీ పుస్తకంలో ఆయన పేరు అక్కడక్కడా తగులుతూ ఉంటుంది గాని, ఆయన జీవితం మాత్రం ఉండదు. రెండోది మా ఇంటి సంగతి, దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. ముందు ఆయన కథ.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమగోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని సంసారం. కుర్రవాడికి చదువు మీద మొదట్లో అంత ధ్యాస లేదు. చిన్నతనంలో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బాగా డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోతే వెతికి వెనక్కి తీసుకొచ్చారట. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పితే లోకం మునిగిపోయిందనుకునే మిత్రులెవరైనా ఉంటే ఈ మాట గుర్తుంచుకోవాలి. తల్లి పట్టుదల లేకపోతే ఆ కుర్రవాడి చదువు అక్కడితోనే ఆగిపోయేదని ఆయన జీవితం వ్రాసినవాళ్లంతా ఒప్పుకుంటారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మఠం వైపు మనసు పోయింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివి నలుగురికీ సేవ చేయాలన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు డబ్బు సాయం చేశారు. అవి గాంధీగారి పిలుపు దేశమంతా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరుగా ఉన్న ఇంగ్లీషు దొరకు అది నచ్చలేదు. మిగతా పేపర్లన్నీ బాగా వ్రాసినా చేతికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ రకం ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే వచ్చింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు.

ఈ మధ్యలోనే ఇంట్లో ఘోరం జరిగింది. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో కన్నుమూశారు. స్ప్రూ అనే జబ్బు ఆ ఇంటిని పట్టుకుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం నీళ్లవుతుంది, మనిషి ఎముకల గూడైపోతాడు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వస్తే లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. ఈ జబ్బులో లోపించే పదార్థాల్లో ఫోలిక్ ఆసిడ్ ముఖ్యమైనదని ఆనాడు ఎవరికీ తెలీదు. సుమారు పాతికేళ్ల తర్వాత దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు ఆయనే కావడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

మామగారి సాయం, కాకినాడ మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కూడగట్టుకుని 1920ల మొదట్లో ఓడెక్కి అమెరికా వెళ్లారు. హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రం చదివారు. రోజు గడవడానికి బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని కూడా చేశారు. వెళ్లేటప్పుడు భార్యతో రెండు మూడేళ్లలో వస్తానన్న లెక్క. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ స్వదేశం రానే లేదు. శేషగిరి గారు జీవితమంతా ఎదురుచూపుగా గడిపారు. గొప్పవాళ్ల కథల్లో ఈ భాగాన్ని మనం రెండు వాక్యాల్లో దాటేస్తాం గాని, ఆ విజయాల ఖరీదులో కొంత ఆమె కూడా కట్టారని చెప్పకపోతే న్యాయం కాదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర బయోకెమిస్ట్రీ పరిశోధనలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. దాన్నే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. భాస్వరం మాలిబ్డేటుతో కలిసినప్పుడు, దానికి తగిన రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. రైతుబిడ్డలకు ఒక మాట చెప్పాలి. మన పొలం మట్టి భూసార పరీక్షకు పంపితే భాస్వరం తక్కువ, ఎక్కువ అని చీటీ వస్తుంది కదా, ఆ కొలత వెనక ఉన్నదీ ఈ మాలిబ్డినం నీలిరంగు సూత్రమే. చీటీ చూసి డి.ఎ.పి. బస్తా తగ్గించుకున్న ప్రతి రైతూ అదే నీలిరంగును నమ్ముకున్నట్టు.

ఈ కొలత చేతికి రాగానే కండరాల్లో భాస్వరం ఏ రూపంలో ఉందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. ఎ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కల్లంలో పొద్దస్తమానం వంగి మిరపకాయలు ఏరే ఆడకూలీ చేతి కండరానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందంటే, తిన్న అన్నం చివరికి ఎ.టి.పి.గా మారి ఖర్చవడం వల్ల. కండరం పని లాక్టిక్ ఆసిడ్ వల్లే నడుస్తుందన్న పాత సిద్ధాంతం, 1922 నోబెల్ బహుమతి దాకా వెళ్లినది, దీంతో మార్చుకోవలసి వచ్చింది. 1930లో సుబ్బారావు గారికి పిహెచ్.డి. వచ్చింది. కాని హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. చిన్న హోదాలోనే ఏళ్లు గడిచాయి.

1940లో ఆయన హార్వర్డు వదిలి న్యూయార్కు రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1942లో పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. అక్కడ గడిచిన ఎనిమిదేళ్లే ఆయన అసలు పంటకాలం.

ఇక్కడ రక్తం గురించి నాలుగు మాటలు చెప్పాలి. మన ఎముకల లోపల ఉండే మూలుగ రక్తకణాల నారుమడి లాంటిది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అక్కడ పుట్టి, ముదిరి, రక్తంలోకి వస్తాయి. ఎర్రకణాలు ప్రాణవాయువు మోస్తాయి. తెల్లకణాలు రోగాలతో పోరాడతాయి. ప్లేట్‌లెట్లు దెబ్బ తగిలినప్పుడు రక్తం కారిపోకుండా ఆపుతాయి. ఒక్కోసారి తెల్లకణం కాబోయే ఒక పిల్లకణం జన్యువుల్లో తేడా వచ్చి, ముదరకుండా అట్లాగే పిలకలు వేస్తూ పోతుంది. మూలుగంతా అదే నిండిపోతుంది. మంచి కణాలకు చోటుండదు. అదే లుకేమియా. అందుకే పిల్లవాడు పాలిపోతాడు, జ్వరం తగ్గదు, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు పడతాయి, కాళ్లు నొప్పులంటాడు. ఇది అంటుజబ్బు కాదు. ఎవరి శాపమూ కాదు. బ్లడ్ క్యాన్సర్లలో లింఫోమా, మైలోమా అనే రకాలు కూడా ఉన్నాయి గాని, పిల్లల్లో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా.

ఏ కణమైనా రెండు కావాలంటే కొత్త డి.ఎన్.ఎ. తయారు చేసుకోవాలి. దానికి ఫోలిక్ ఆసిడ్ తప్పనిసరి. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో పేద గర్భిణీల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని గమనించింది. ఆ సారంలో ఉన్నదేమిటో తేల్చడానికి చాలామంది ఏళ్లు శ్రమించారు. 1945లో సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసి చూపించింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వ్యాధి నిర్ధారణ నిపుణుడు లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు అనిపించింది. దాని నుంచి ఆయన ఒక తర్కం తీశారు. ఇస్తే పెరిగేదైతే, అందకుండా చేస్తే తగ్గాలి కదా! అందకుండా చేసే మందు సుబ్బారావు గారి దగ్గర తయారైంది.

ఆ మందు ఎట్లా పనిచేస్తుందో మన ప్రాంతపు రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నకిలీ విత్తనం తెలిసినవాడికి ఇదీ తెలుస్తుంది. ప్యాకెట్టు అదే, గింజ రూపు అదే, రైతు నమ్మి విత్తుతాడు, దుక్కి ఖర్చూ కాలమూ పోతాయి, మొలక రాదు. అమినోప్టెరిన్ అట్లాంటి నకిలీ ఫోలిక్ ఆసిడ్. అణువులో చిన్న మార్పు తప్ప అచ్చం అసలుదాని లాగే ఉంటుంది. క్యాన్సర్ కణం ఆబగా దాన్ని లోపలికి తీసుకుంటుంది. లోపల ఫోలిక్ ఆసిడ్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైముకు ఇది అతుక్కుపోతుంది. ఇక డి.ఎన్.ఎ. తయారవదు, కణం రెండు కాలేక చచ్చిపోతుంది. మన చేలల్లో రైతును ముంచే మోసాన్ని సుబ్బారావు గారి బృందం క్యాన్సర్ కణం మీద ప్రయోగించింది.

1947 చివర్లో అమినోప్టెరిన్ బోస్టన్ చేరింది. 1948 జూన్ 3న ఫార్బర్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి స్పష్టంగా మెరుగు కనిపించింది. అది తాత్కాలికమే. కొన్ని వారాలు, కొన్ని నెలలు. కాని అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లల్ని డాక్టర్లు చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఆ ఏడే ఆయన విభాగం నుంచి బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, లోకానికి వచ్చింది. అంతకుముందు 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది.

1948 ఆగస్టు 8 రాత్రి సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53 ఏళ్లు. పాతికేళ్లు అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. పేటెంట్ల ఆస్తి లేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఆయన పోయాక పని ఆగలేదు. అమినోప్టెరిన్ కంటే క్షేమమైన దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ స్థిరపడింది. 1956లో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ ఆ ఒక్క మందుతోనే నయమవడం డాక్టర్లు చూశారు. 1953లో 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మరో మందు వచ్చింది. దాన్ని గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి తెచ్చిన జార్జ్ హిచింగ్స్ హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావుల ప్రయోగశాలలో చదువుకున్నవాడే. వాళ్లిద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. 1960లలో అమెరికా డాక్టర్లు ఒక్కో మందు విడిగా కాక నాలుగైదు కలిపి, వరసగా, ఏళ్లపాటు ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడినుంచి పిల్లలు నిజంగా బతకసాగారు. నేడు సౌకర్యాలున్న దేశాల్లో ఈ రకం లుకేమియా వచ్చిన పదిమంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మంది నయమై పెద్దవాళ్లవుతున్నారు. మన దగ్గర అంతమంది కావడం లేదు. ఆలస్యంగా తేలడం, మధ్యలో వచ్చే ఇన్‌ఫెక్షన్లు, మధ్యలో మందు మానెయ్యడం దానికి పెద్ద కారణాలు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చిన్నక్క కొడుక్కి ఐదేళ్ల వయసులో జ్వరం పట్టుకుని మూడు వారాలు వదల్లేదు. పక్క ఊరి వైద్యుడు టైఫాయిడ్ అని సూదులు వేస్తూ పోయాడు. తొడ మీద నీలం మచ్చలు చూసి మా అమ్మకు అనుమానమొచ్చి గుంటూరు తీసుకెళితే రక్తపరీక్షలో లుకేమియా అని తేలింది. హైదరాబాదులో వైద్యం మొదలైంది. మొదటి నెల మందులకే మైక్రోస్కోపులో చెడ్డకణాలు కనపడకుండా పోయాయి. తర్వాత కొన్ని నెలలు గట్టి మందులు, వెన్నులోకి మెథోట్రెక్సేట్ సూదులు. జుట్టు ఊడింది, నోరు పూసింది. త్వరగా పెరిగే కణాలన్నిటి మీదా ఈ మందులు పడతాయి గనక వెంట్రుకల కుదుళ్లు, నోటి పొర కూడా దెబ్బతింటాయి. అవి మళ్లీ కోలుకుంటాయి. కోల్డ్ స్టోరేజీలో ఉంచిన మిర్చి టిక్కీలు రేటు లేనప్పుడే అమ్మేశారు.

ఆ దశ దాటాక మిగిలింది మాత్రల వైద్యం. రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. ఒక గురువు దగ్గర మొదలైన రెండు దారులు మా ఊళ్లో ఒక స్టీలు డబ్బాలో కలుసుకున్నాయి. వాడు బడికి పోతున్నాడు, గోలీలాడుతున్నాడు, జుట్టొచ్చింది. అప్పుడు బావకు ఆలోచన మారింది. ఆ ఏడు కాయకోతలకు మనుషులు దొరకడం లేదు. ప్రతి హైదరాబాదు ప్రయాణానికీ రెండు రోజుల పని పోతుంది. పిల్లవాడు నిక్షేపంగా ఉండగా ఇంకో ఏడాదికి పైగా విషం లాంటి మాత్రలెందుకని బావ పట్టు. అక్కకు ఎదురు చెప్పే ధైర్యం లేదు.

నేను పుస్తకం లెక్క చెప్పాను. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో లక్ష కోట్ల దాకా చెడ్డకణాలుంటాయి. మైక్రోస్కోపుకు కనపడనంత తగ్గాక కూడా కోట్లలో మిగిలి ఉండొచ్చు. ఫార్బర్ చూసిన ఆ తొలి పిల్లలు ముందు బాగుపడి, కొన్ని నెలలకే ఎందుకు పోయారో కూడా చెప్పాను. ఒక్క మందుతో, కొద్దికాలం ఇచ్చిన వైద్యం చాలకపోవడం వల్లే. బావ విన్నాడు గాని ఒప్పుకోలేదు. అంకెలు ఆయనకు తగల్లేదు. చివరికి మా నాన్న తుంగ సంగతి ఎత్తాడు. పైన పీకేసి చేను శుభ్రంగా ఉందని ఊరుకుంటే, ఒక్క తడి పడగానే భూమిలో గడ్డల నుంచి మళ్లీ లేచి పైరును కప్పేస్తుంది, కనపడనప్పుడు కూడా వెంటపడాల్సిన కలుపు అది, ఇదీ అంతే అన్నాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు. ఆ నెల హైదరాబాదు ప్రయాణం ఆగలేదు. మా పిల్లవాడి కోర్సు ఇంకా ఏడు నెలలుంది. అది పూర్తయ్యాక కూడా కొన్నేళ్లు పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టి ఉండాలి. ఏం జరుగుతుందో ముందే చెప్పగలిగినవాళ్లెవరూ లేరు. మాత్ర మాత్రం ఒక్క వారమూ తప్పడం లేదు.

కనుక మిత్రులారా, సెలవలకు ఊరెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలూ అక్కడ చెప్పండి. పిల్లలకు రెండు వారాలు దాటిన జ్వరం, పాలిపోవడం, కారణం లేని మచ్చలు, చిగుళ్ల రక్తం ఉంటే ముందు ఒక పూర్తి రక్తపరీక్ష చేయించాలి. లుకేమియా అని తేలితే భయపడి నాటుమందుకు పోకూడదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం క్యాన్సర్ వైద్యానికీ వర్తించేట్టు వచ్చింది, ఆసుపత్రిలో అడగాలి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది, మన గుంటూరు పెద్దాసుపత్రిలోనూ నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగముంది. పిల్లవాడు ఆడుకుంటున్నా సరే, డాక్టరు ఆపమనే దాకా మందు ఆపకూడదు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే పెద్దవాళ్లుంటే, అది వారానికోసారి వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణాపాయమని గట్టిగా చెప్పండి.

ఇంకొకటి మన చేతుల్లోనే ఉంది. ఈ వైద్యంలో ఉన్న పిల్లలకు రక్తమూ, ప్లేట్‌లెట్లూ పదే పదే కావాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, ఏ కోల్డ్ స్టోరేజీలోనూ దాచలేం. ఎప్పటికప్పుడు ఇచ్చే మనిషి కావాలి. మన యూనియన్ రక్తదాన శిబిరం ఈసారి ఒక్కరోజు ఉత్సవంగా ముగియకుండా, పిలిస్తే వచ్చే విద్యార్థుల పేర్లు, గ్రూపులతో ఒక పట్టిక తయారు చేసుకుని ఏడాది పొడవునా నడిపిద్దాం. ఆ పట్టికకు సుబ్బారావు గారి పేరు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. మొదటి పేరు నాది వ్రాసుకోండి.